మూరెడు కారు ఇరుసు

పండూ, కాళ్ళు కడుక్కున్నావా? సరే, ఇటు జరిగి పడుకో. మంచినీళ్ళు కావాలంటే ఇప్పుడే తాగు. పొద్దుటి నుంచీ నా మోకాళ్ళు సలుపుతున్నాయి, కథ మధ్యలో నన్ను లేపకు.

ఊ కొడతావా మరి? విను.

అనగనగా ఒక ఊళ్ళో, లారీలకు ఒళ్ళు కట్టే ఊళ్ళో, భూషణం అని ఒక పనివాడు ఉండేవాడు. ఆ రోజుల్లో లారీ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు దానికి ఇంజనూ చక్రాలూ తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. డ్రైవరు కూర్చునే గది, సరుకు వేసే పెట్టె, తలుపులు, అన్నీ ఆ ఊరి షెడ్లలోనే కట్టేవాళ్ళు. రేకు కొయ్యడం, వంచడం, అతకడం భూషణం పని. అతనికీ ఒక చిన్న షెడ్డు ఉండేది.

అదే షెడ్డులో మస్తాన్ వలి అని ఇంకొకడు ఉండేవాడు. రంగులు వెయ్యడం అతని పని. భూషణం కట్టిన లారీకి మస్తాను గీతలు గీసి పూలు వేస్తే, పెళ్ళికూతుర్ని చూసినట్టు డ్రైవర్లు దాని చుట్టూ తిరిగేవాళ్ళు. ఇద్దరిదీ ఒకే వయసు. ఒకే క్యారేజీలోంచి అన్నం తినేవాళ్ళు.

ఒక రోజు ఆ షెడ్డు ముందు ఒక లారీ ఆగింది. దాని వెనక తలుపు విరిగింది. అందులో ఏముందనుకున్నావు? పందేల కారు ఉంది. బల్లిలా నేలకు అంటుకుని, పొడుగ్గా, నాలుగు చక్రాలూ బయటికే పెట్టుకుని ఉంది. అందులో ఒక్క మనిషి పడతాడు, అంతే. మద్రాసులో పందేలున్నాయట. ఎవరో గొప్పింటాయన కారట.

తలుపు బాగుచెయ్యాలంటే కారును కిందికి దించాలి. దించారు. అప్పుడు దాని వెంట వచ్చిన మనిషి అన్నాడు, "చూసుకోండి, చెయ్యి మాత్రం వెయ్యొద్దు. వేలు పడిందా, నా ఉద్యోగం పోద్ది."

భూషణం చెయ్యి వెయ్యలేదు. ఇంటికి వెళ్ళి దారపు ఉండలు తెచ్చాడు. మస్తాను ఆ మనిషికి టీ తెప్పించి మాటల్లో పెట్టాడు. ఈలోగా భూషణం కారుకు వెంట్రుకవాసి దూరంలో దారం పట్టి కొలతలు తీసుకున్నాడు. పొడవుకు తెల్లదారం. వెడల్పుకు ఎర్రదారం. ఎత్తుకు నల్లదారం. చక్రం దగ్గర ఒక ముడి, సీటు దగ్గర ఒక ముడి, ముక్కు దగ్గర ఒక ముడి.

ఆ తర్వాత కారు వెళ్ళిపోయింది. దారాలు మిగిలాయి.

అప్పుడు భూషణం ప్రతి కొలతనూ మూడుసార్లు మడిచాడు. ఒకసారి మడిస్తే సగం. రెండోసారి మడిస్తే పావు. మూడోసారి మడిస్తే అరపావు. అట్లా ఎనిమిది మూరల కారు ఒక్క మూర అయింది. ఏ కొలతా తప్పలేదు.

ఆ వేసవంతా, పని లేని మధ్యాహ్నాల్లో, ఇద్దరూ కలిసి మూరెడు కారును చేశారు. నూనె డబ్బా రేకుతో ఒళ్ళు. పాత రబ్బరు చెప్పులు కోసి టైర్లు. లారీ సీటు తోలు ముక్కతో సీటు. డ్రైవరు తిప్పే స్టీరింగుకు మాత్రం ఏదీ కుదరలేదు. అప్పుడు మస్తాను తన చంటిపిల్ల గాజు ఒకటి తెచ్చాడు. అచ్చంగా సరిపోయింది. చివరికి ఎర్రరంగు వేసి, పక్కన తెల్లగీత లాగి, ముక్కు మీద ఒకటో అంకె వేశాడు. కొలిచిన దారాలు కట్టగట్టి కారు కడుపులోనే పెట్టి మూశారు.

దసరాకు ఆ ఊళ్ళో పనిముట్లకు పూజ చేస్తారు. సుత్తులు, కత్తెరలు, కుంచెలు అన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి వరసగా పేరుస్తారు. ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. బండ్లకు దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు.

ఆ షెడ్డులో పూజ వరసలో అన్నిటికన్నా ముందు మూరెడు కారు ఉండేది. దానికీ దండ వేసేవాళ్ళు. దాని చక్రం కిందా నిమ్మకాయ పెట్టేవాళ్ళు. కానీ అది తేలిక కదా, నిమ్మకాయ ఎక్కలేక పక్కకు జారిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వి ప్రసాదం తిని ఇళ్ళకు పోయేవాళ్ళు.

ఒక దసరాకు మస్తానుకు పౌరుషం వచ్చింది. "లారీలన్నీ తొక్కుతుంటే మాది తొక్కకపోతే ఎట్టా" అని కారు మీద రెండు చేతులూ ఆనించి నొక్కాడు. నిమ్మకాయ చితకలేదు. కారే చితికింది. ఇరుసు పుటుక్కుమని విరిగి, చక్రం ఊడి దొర్లుకుంటూ పోయింది. ముక్కు నేలకు కొట్టుకుని నొక్కుకుపోయింది.

ఇరుసంటే తెలుసుగా? రెండు చక్రాలనూ కలిపి పట్టుకునే చువ్వ. అది విరిగితే ఇంకేం లేదు.

షెడ్డు నిండా జనం. ఎవరో "పండగపూట అపశకునం" అన్నారు. అప్పుడు భూషణానికి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. "రంగులు పూసే చేతికి ఇనుము విలువేం తెలుసు" అన్నాడు. అందరి ముందూ అన్నాడు.

మస్తాను చేతికి అంటిన కుంకుమ తుడుచుకుని ఇంటికి పోయాడు. పండగ రోజు పనిముట్టు ముట్టకూడదు కదా, అందుకని మర్నాడు పొద్దున్నే వచ్చి తన కుంచెల పెట్టె తీసుకుపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. మస్తాను బజారులో బోర్డులు రాసే కొట్టు పెట్టుకున్నాడు. ఊరు ఒకటే, బజారు ఒకటే. ఎదురుపడితే ఒకడు పళ్ళబండి వైపు చూసేవాడు, ఇంకొకడు కరెంటు తీగల వైపు చూసేవాడు.

ఊ అనవేం? నిద్దరొస్తోందా? ఇంకొంచెం ఉంది.

భూషణం ముసలివాడయ్యాడు. కుడిభుజం సగం వరకే లేచేది. లారీలు కంపెనీల నుంచే ఒళ్ళు కట్టుకుని రావడం మొదలుపెట్టాయి. ఊళ్ళో షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. భూషణం షెడ్డులోనూ పని తగ్గి, కూర్చోవడం ఎక్కువైంది. కూర్చుని కూర్చుని కూడా మనిషి అలిసిపోతాడు, ఆ సంగతి నీకిప్పుడు తెలియదులే.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి భార్యతో అన్నాడు, "తులశమ్మా, దసరా వెళ్ళాక షెడ్డు మూసేస్తా."

తులశమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది, "అయితే ఇదే ఆఖరి పూజ. ఆ కారు గూడా పెట్టు."

"ఏ కారు?"

"ఏ కారో తెలియనట్టు అడగమాక. అటక మీద గోనెసంచిలో ఉంది. దసరా దసరాకీ దుమ్ము దులుపుతున్నదాన్ని నేను."

"అది విరిగిపోయిందిగా."

"విరిగినయ్యి బాగుచెయ్యడమేగా నీ పని. ఊళ్ళోవాళ్ళ బండ్లయితే చేస్తావు."

భూషణం మర్నాడు గోనెసంచి చంకన పెట్టుకుని షెడ్డుకు వెళ్ళాడు.

మొదటి పని కడగడం. సంచి విప్పేసరికి తుప్పు వాసన వచ్చింది. సందుసందునా ఏళ్ళనాటి పసుపూ గంధమూ రాయిలా గట్టిపడి ఉన్నాయి. కిరసనాయిలులో గుడ్డ ముంచి తుడిచాడు. చీపురుపుల్లతో మూలమూలలా గీకాడు. అప్పుడు రంగు పెచ్చులుపెచ్చులుగా లేచిపోయింది. మస్తాను లాగిన తెల్లగీత కూడా లేచిపోయింది. భూషణం గుడ్డ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఆ గీతను కాపాడదామనే చూశాడు. కానీ తుప్పు దాని కిందే ఉంది. పైగీత ఉంచి కింది తుప్పు తియ్యడం ఎవరివల్లా కాదు.

రెండో పని ఒళ్ళు. ఇసక సంచి మీద రేకు ఆనించి, కొయ్యసుత్తితో చిన్నచిన్నగా కొడుతూ సొట్టలు తీశాడు. నాలుగు దెబ్బలు కొడితే భుజం లాగేది. ఆగేవాడు. మళ్ళీ కొట్టేవాడు. సీటు తోలు చీకిపోతే తులశమ్మ కొత్త ముక్క కోసి, అసలు కారుకున్నట్టే అడ్డచారలు కుట్టి ఇచ్చింది. పొగ గొట్టాలకు సన్న రాగి గొట్టం తెచ్చి, చింతపండుతో తోమి, ఒక్కొక్కటే వంచి బిగించాడు. స్టీరింగుగా పెట్టిన గాజుకు తుప్పు పట్టలేదు. తుడిస్తే చాలు, మెరిసింది.

ముక్కు మాత్రం దారికి రాలేదు. అసలది ఎంత పొడవు ఉండేదో, ఎక్కడ వంగేదో గుర్తులేదు. కళ్ళు మూసుకుని ఎంత తలుచుకున్నా రాలేదు. అప్పుడు కారు కడుపులో వేలు పెడితే దారాల కట్ట తగిలింది. తెల్లదారం గోధుమరంగుకు వచ్చింది. ఎర్రదారం వెలిసింది. నల్లదారం నల్లగానే ఉంది. ముడులు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి. ముక్కు ముడి దగ్గర తెల్లదారం పట్టుకుని మూడుసార్లు మడిచాడు. అంతే, కొలత చేతికొచ్చింది. కొత్త రేకు కోసి కొత్త ముక్కు చేశాడు.

మూడో పని ఇరుసు. ఊడిన చక్రం సంచిలోనే ఉంది, విరిగిన ముక్కలు రెండూ కారు కిందే వేలాడుతున్నాయి. వాటి మీద ఒక సన్నగొట్టం తొడిగి ఉంది. ఆనాడు అది వంగిపోయింది, అందుకని లోపలేముందో ఎవరూ చూడలేదు. భూషణం ఆకురాయి పెట్టి ఆ గొట్టాన్ని కోసి తీశాడు.

తీసి చూస్తే లోపల ఒక అతుకు ఉంది.

ఇరుసు ఒక్క చువ్వ కాదు. రెండు పొట్టి చువ్వలు కలిపి అతికింది. ఆ అతుకు కూడా ఒక పక్కే అంటుకుంది, రెండో పక్క అంటనే లేదు. సరిగ్గా అక్కడే విరిగింది.

అప్పుడు భూషణానికి గుర్తొచ్చింది. కారు అంతా అయిపోయి ఇరుసు ఒక్కటే మిగిలిన రోజు. షెడ్డులో తగిన పొడవు చువ్వ లేదు. ఎండలో బజారుకు పోవాలి. ఆ రోజు అతను బాగా అలిసిపోయి ఉన్నాడు. రెండు ముక్కలు అతికాడు. అతుకు కనబడకుండా పైన గొట్టం తొడిగాడు. రేపు మారుద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు. ఆ తర్వాత మరిచేపోయాడు. మరిచిపోయి, మస్తానును ఆ మాట అన్నాడు.

అలిసిపోవడం తప్పు కాదు పండూ. నేనూ అలిసిపోతాను. అలిసిపోయి చేసిన పనిని గొట్టం కింద దాచుకోవడం తప్పు.

షెడ్డులో అప్పుడు ఎవరూ లేరు. ఆ ముక్కలు తుక్కులో పడేస్తే అయిపోయేది. కొత్త చువ్వ వేసేస్తే, ఏ కంటికీ ఏమీ తెలిసేది కాదు. భూషణం తుక్కుడబ్బా దాకా వెళ్ళాడు కూడా. మూత తీశాడు. మళ్ళీ మూశాడు. ముక్కలు రెండూ చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత భుజం లాగుతున్నా సరే, ఎండలో బజారుకు నడిచి, తగిన పొడవు చువ్వ తెచ్చాడు. ఒక్కటే చువ్వ. అతుకు లేని చువ్వ. అది కోసి, నున్నగా సానపట్టి, చక్రాలకు బిగించాడు. బల్ల మీద పెట్టి తోస్తే కారు చప్పుడు లేకుండా జారింది. రంగు ఒక్కటే మిగిలింది.

అప్పుడు భూషణం మస్తాను కొట్టుకు బయలుదేరాడు. కొట్టులో ఎవరో బోర్డు బేరమాడుతున్నారు. నలుగురిలో ఎట్లా చెప్పడం అనుకున్నాడు. పక్కనున్న పళ్ళబండి దగ్గర అరటిపళ్ళు కొనుక్కుని వెనక్కి వచ్చాడు.

"ఇంట్లో పళ్ళుండగా మళ్ళీ ఎందుకు తెచ్చావు?" అంది తులశమ్మ.

రెండోసారి వెళ్ళాడు. కొట్టులో మస్తాను ఒక్కడే ఉన్నాడు. సీసా అడుగంత మందం కళ్ళజోడు పెట్టుకుని, కిరాణాకొట్టు బోర్డు మీద అక్షరాలు దిద్దుతున్నాడు.

"మస్తానూ, నేను భూషణాన్ని."

"గొంతు తెలుస్తానే ఉంది. పనేంటో చెప్పు."

"కారు బాగుచేశా. మన కారు. దసరాకు పూజలో పెడదామని. రంగు నువ్వే వెయ్యాలి."

మస్తాను కుంచె ఆపలేదు. "నాదసలే రంగులు పూసే చెయ్యి. మీ ఇనుము మీద పడితే విరుగుద్దేమో, వేరేవాళ్ళను చూసుకో" అన్నాడు.

జేబులో ముక్కలు గుచ్చుకుంటున్నాయి. భూషణం జేబు మీద చెయ్యి పెట్టుకుని బయటికి నడిచాడు. మళ్ళీ అరటిపళ్ళు కొనుక్కుని వచ్చాడు.

"ఈ పళ్ళన్నీ నేను ఎవరికి పంచిపెట్టను?" అంది తులశమ్మ. అప్పుడు భూషణం జేబులోంచి ముక్కలు తీసి ఆమె ముందు పెట్టాడు. జరిగింది చెప్పాడు. తులశమ్మ వాటిని చూసింది, మొగుడిని చూసింది. "నాకు చెబితే ఏం లాభం? అన్నది నన్నా?" అంది.

మూడోసారి వెళ్ళాడు. ముక్కలు రెండూ మస్తాను బల్ల మీద పెట్టాడు.

"ఏందియ్యి?"

"మన కారు ఇరుసు. చూడు."

మస్తాను ముక్కలను కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. సరిగా ఆనలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వేలితో తడిమాడు. చువ్వ కొస సగం నున్నగా ఉంది, సగం గరుగ్గా ఉంది.

"అతుకు" అన్నాడు.

"అతుకే. నేనే వేశా. రేపు మారుద్దాంలే అని పైన గొట్టం తొడిగి దాచా. అది నీ చేతికి విరగలేదు మస్తానూ. నా అతుకు దగ్గర విరిగింది. అది తెలుసుకోకుండా నిన్ను అన్నా. తప్పు నాది."

మస్తాను ముక్కలు రెండూ ఒకదానికొకటి ఆనించి చూసి, మళ్ళీ విడదీశాడు. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. కుంచె కొసన రంగు ఆరిపోతోంది.

ఆ తర్వాత మెల్లగా అన్నాడు, "నా చెయ్యి బరువని నమ్మాను నేను. ఆ రోజు నుంచి దేని మీదా చెయ్యి ఆనించి పని చెయ్యలా. కుంచె గట్టిగా పట్టాలంటే భయం. అట్టా అట్టా నా గీత సన్నబడిపోయింది. మస్తాను గీత ఎంత సన్నమో అని ఊరు ఊరంతా మెచ్చుకుంటుంటే, నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఆఖరికి మనవళ్ళను ఎత్తుకోవాలన్నా, ముందు ఎవరన్నా వచ్చి పక్కన నిలబడాల్సిందే."

భూషణం తల వంచుకున్నాడు.

"ముక్కలు తీసుకుపో" అన్నాడు మస్తాను. "నాకు పనుంది."

భూషణం ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తులశమ్మ చేతుల వైపు చూసింది. "పళ్ళు తేలేదే?"

"చెప్పి వచ్చా."

"ఏమన్నాడు?"

"పొమ్మన్నాడు."

తులశమ్మ లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి పెట్టింది.

నిజం చెప్పగానే గుండె దూదిపింజలా తేలికవుతుందని ఎవరైనా అంటే నమ్మకు పండూ. ఆ రోజు భూషణానికి ఇంకా బరువైంది. అంతకుముందు తన తప్పు ఒక్కటే తెలుసు. ఇప్పుడు ఆ తప్పు మస్తానును ఏం చేసిందో కూడా తెలిసింది. అయినా చెప్పాల్సిందే. తేలికవడం కోసం కాదు, చెప్పాలి కనక చెప్పాలి.

దసరా వచ్చింది. షెడ్డు ఊడ్చి, కడిగి, ముగ్గు పెట్టారు. సుత్తులూ కత్తెరలూ వరసగా పేర్చారు. పాత స్నేహం కొద్దీ కొందరు డ్రైవర్లు లారీలు తెచ్చి నిలబెట్టారు. వరసలో అన్నిటికన్నా ముందు భూషణం మూరెడు కారును పెట్టాడు. ఒంటిమీద రంగు లేదు. ఉత్త రేకు. పక్కనే పళ్ళెంలో విరిగిన ఇరుసు ముక్కలు పెట్టాడు.

ఒక డ్రైవరు వంగి చూసి, "ఏంది బాబాయ్, తుప్పు ముక్కలకు పూజేంది?" అన్నాడు.

షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. భూషణం నిలబడి, అందరికీ వినబడేట్టు చెప్పాడు. "ఈ కారు మస్తాను చేతికి విరిగిందని ఇదే చోట అన్నాను. మీలో కొందరు విన్నారు గూడా. అది అబద్ధం. నేను వేసిన అతుకు దగ్గర విరిగింది. ఇదిగో, కావాలంటే చూసుకోండి."

అందరి ముందూ అన్నమాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. మూలకు వెళ్ళి గొణిగితే చెల్లదు.

అప్పుడు గుమ్మం దగ్గర అలికిడైంది. తెల్ల చొక్కా వేసుకుని, తలుపు రెక్క పట్టుకుని, మస్తాను నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో ఎవరికీ తెలియదు.

"రా అన్నా" అంది తులశమ్మ. "రంగు వెయ్యడానికి వచ్చావా?"

"పనికి రాలేదు చెల్లెమ్మా. పండక్కి వచ్చా. ఇవాళ కుంచె ముట్టకూడదుగా, ఎవరూ అడగడానికి గూడా వీల్లేదు. అందుకనే ఇవాళొచ్చా."

మెల్లగా నడిచి కారు ముందు కూర్చున్నాడు. కళ్ళు సరిగా ఆనవు కనక వేళ్ళతో చూశాడు. ముక్కు తడిమాడు. రాగి గొట్టాలు తడిమాడు. సీటు మీది అడ్డచారలు తడిమాడు. గాజు దగ్గర వేలు ఆగింది.

"ఇది ఇంకా ఉందా" అన్నాడు. "ఆ పిల్లకు ఇప్పుడు గాజులు తొడిగే కూతురుంది."

ఆ తర్వాత చెయ్యి చాచాడు. "నిమ్మకాయేదీ?"

తులశమ్మ నిమ్మకాయ ఇచ్చింది. మస్తాను దాన్ని కారు ముందు చక్రం కింద పెట్టాడు. చేతులు వెనక్కి తీసుకుని, భూషణం వైపు తిరిగాడు.

"ఈసారి నువ్వు నొక్కు."

భూషణం వంగాడు. భుజం కలుక్కుమంది. రెండు చేతులూ కారు మీద పెట్టాడు కానీ నొక్కలేకపోయాడు. మస్తాను ఇన్నేళ్ళు ఏ భయం మోశాడో అప్పుడు అతని అరచేతులకు తెలిసింది.

"గట్టిగా" అన్నాడు మస్తాను. "నీ ఇనుమేగా."

భూషణం నొక్కాడు. చక్రం నిమ్మకాయ మీదికి ఎక్కింది. కాయ టప్పుమని పగిలి, రసం ఎగిరి మస్తాను చొక్కా మీద పడింది. చక్రం నేలకు దిగింది. ఇరుసు అలాగే ఉంది.

మస్తాను చొక్కా చూసుకున్నాడు. "కొత్తది" అన్నాడు.

ముందు తులశమ్మ నవ్వింది. ఆ తర్వాత డ్రైవర్లు నవ్వారు. అందరికన్నా ఆఖర్న, అలిసిపోయినట్టుగా, భూషణం నవ్వాడు.

మస్తాను పళ్ళెంలోని తుప్పు ముక్కలు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"అవెందుకు నీకు?" అన్నాడు భూషణం.

"నా చేతి మీద నాకు మళ్ళీ అనుమానమొస్తే తీసి చూసుకోడానికి."

"మరి రంగు?"

"రేపు."

ఆ మాటకు భూషణం ఉలిక్కిపడ్డాడు. "రేపంటే రేపేనా?"

"నీ రేపు కాదులే, నా రేపు."

ఆ రేపు వచ్చింది పండూ. పొద్దున్నే కుంచెల పెట్టె చేత్తో పట్టుకుని మస్తాను షెడ్డుకు వచ్చాడు. ఒళ్ళంతా ఎర్రరంగు వేశాడు. అది ఆరేదాకా ఇద్దరూ గోడకు జారగిలబడి కూర్చున్నారు. ఆ తర్వాత ముక్కు మీద ఒకటో అంకె వేశాడు. అన్నిటికన్నా చివర, అరచెయ్యి రేకు మీద ఆనించి, కుంచె గట్టిగా అదిమిపట్టి, తెల్లగీత లాగాడు. గీత లావుగా వచ్చింది. చూపు ఆనదు కదా, మధ్యలో కొంచెం వంకర కూడా పోయింది.

"లావైంది" అన్నాడు భూషణం.

"లావుగానే లాగాను" అన్నాడు మస్తాను.

ఆ తర్వాత షెడ్డు తలుపు దించి తాళం వేశారు. కారును భూషణం ఒక చేత్తో ఎత్తుకున్నాడు, కుంచెల పెట్టె రెండో చేత్తో తీసుకున్నాడు. మస్తాను అతని భుజం పట్టుకున్నాడు. టీకొట్టు ఎంతో దూరం లేదు. అయినా దారిలో రెండుచోట్ల కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారంటావా? ఏముంది, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు.

కళ్ళు మూసుకో ఇంక. రేపు పొద్దున్న లేచి, ఆ విరిగిన పలక నువ్వు విరగ్గొట్టావో చెల్లి విరగ్గొట్టిందో మీ అమ్మకు నువ్వే చెప్పు. ఇప్పుడు కాదు, ఇప్పుడు పడుకో.

మూడు దారాలు మడిచారు, మూరెడు కారు నడిపారు,
దాచిన అతుకు చూపారు, దసరా పూజ జరిపారు.
కథేమో కంచి దారి పట్టిపోయింది,
మన పండుకేమో కంటి నిండా నిద్దరొచ్చింది.